తనంత తాను ఆగిపోవు చిన్న కంప్యూటరు: ఉష్ణమార్గ పరిశీలనము

యంత్రము చెడిపోవుట వేఱు, తన్ను తాను ఆపుకొనుట వేఱు. ఈ రెంటికిని గల భేదము సామాన్యముగా గృహస్థుల దృష్టికి రాదు. పని నడుచుచుండగా తెర హఠాత్తుగా నల్లబడును, దీపము ఆరును, కొంతసేపు తరువాత మీట నొక్కినచో యంత్రము ఏమియు జరుగనట్లు మరల మేల్కొనును, మరల పది నిమిషములకో, అరగంటకో అదే రీతిగా ఆగిపోవును. ఇట్లు రెండు మూడు దినములు జరిగినంతనే "మదర్‌బోర్డు పోయినది, క్రొత్తది కొనవలసినదే" యని నిశ్చయించుకొనువారు పెక్కుమంది కలరు. వాస్తవమునకు ఇట్టి యంత్రములలో పెక్కింటికి వచ్చినది మరణము కాదు. అది జ్వరము. ఆగిపోవుట ఆ జ్వరమునుండి ప్రాణమును కాపాడుకొనుటకు యంత్రము తానై చేయు ఉపాయము. జ్వరమునకు కారణము కనుగొని తొలగించినచో, స్వల్పవ్యయముతో ఆ యంత్రము ఇంకను కొన్ని యేండ్లు సేవ చేయగలదు.

బెంగుళూరు నగరమునకు తూర్పున, మారతహళ్ళికిని వైట్‌ఫీల్డునకును నడుమనున్న కుందలహళ్ళి ప్రాంతమునందు ఈ విషయమునకు విశేష ప్రాధాన్యము కలదు. కన్నడమునందలి "హళ్ళి" తెలుగునందలి "పల్లి"యే. పేరునుబట్టియే యిది యొకనాటి పల్లె యని తెలియుచున్నది. 1990ల చివర వైట్‌ఫీల్డు నందు అంతర్జాతీయ సాంకేతిక ఉద్యానము వెలసిన పిమ్మట ఈ పరిసరములు వేగముగా నగరరూపమును పొందినవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములనుండి ఉద్యోగార్థము వచ్చిన కుటుంబములు ఇచ్చట పెద్దసంఖ్యలో నివసించుచున్నవి. ఇంటినుండియే కార్యాలయపు పని చేయుట, పిల్లల పాఠములు, స్వగ్రామమునందలి తలిదండ్రులతో ముఖాముఖి సంభాషణము, బ్యాంకు వ్యవహారములు, కుటుంబపు ఛాయాచిత్రములు - ఇన్నియు ఒక చిన్న పెట్టెపై ఆధారపడియున్న గృహములు పెక్కు. ఆ పెట్టె పరీక్ష నడుచుచున్న వేళనో, వ్రాసినది భద్రపఱుపకమునుపో ఆగిపోయినచో కలుగు నష్టము పెట్టె వెలకంటె అధికము. కావున ఈ లోపము యొక్క స్వభావమును, నిర్ణయవిధానమును, చికిత్సాక్రమమును తెలిసికొనుట అవసరము.

1. "మినీ" యను మాట

"మినీ కంప్యూటరు" అను పేరు క్రొత్తది కాదు. కాని దాని అర్థము కాలక్రమమున మాఱినది. 1960లో బొంబాయి యందలి టాటా మౌలిక పరిశోధన సంస్థలో పని ప్రారంభించిన టిఫ్రాక్ అను యంత్రమున సుమారు 2,700 శూన్యనాళికలు ఉండెడివి. అట్టి యంత్రములు ఒక గదిని పూర్తిగా ఆక్రమించుటయే కాక, తమ వేడిమిని భరించుటకు ప్రత్యేకమైన చల్లదనపు ఏర్పాటులను కోరెడివి. ట్రాన్సిస్టరులు వచ్చిన పిదప యంత్రము కుదించుకొనెను. 1965లో అమెరికాయందు వెలువడిన పి.డి.పి.-8 అను యంత్రము ఇంటిలోని శీతలపేటిక యంత పరిమాణము గలది. వెల 18,000 డాలర్లు. నాటివారి దృష్టిలో అదియే "మినీ".

మన దేశమున ఈ తరగతి యంత్రమునకు తెలుగుగడ్డతో సంబంధము కలదు. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. దానికి మూలపురుషుడు తెలుగువారైన డాక్టరు అయ్యగారి సాంబశివరావు. ట్రాంబే అణుకేంద్రపు కృషివలన రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు ఆ సంస్థద్వారా 1969 ప్రాంతమున వెలువడెను. "ట్రాంబే డిజిటల్ కంప్యూటరు" అనునదే ఆ పేరునకు విస్తృతరూపము.

నేడు "మినీ" యనగా అఱచేతిలో ఇముడు పెట్టె. 2005లో యాపిల్ సంస్థ "మ్యాక్ మినీ"ని వెలువరించినది. 2012 మొదలుకొని ఇంటెల్ సంస్థ "నక్" అను పేరిట సుమారు నాలుగంగుళముల చదరపు పలకపై సంపూర్ణ కంప్యూటరును అమర్చి విక్రయించినది. 2023 జూలైలో ఆ సంస్థ ఈ వ్యాపారమునుండి విరమించుకొనగా, ఏసుస్ సంస్థ దానిని చేపట్టినది. ఇతర సంస్థల పెట్టెలును అదే కొలతలో మార్కెటున విరివిగా దొరకుచున్నవి.

ఈ చరిత్రవలన గ్రహింపవలసిన దొకటి కలదు. యంత్రము చిన్నదైనకొలది వేడిమి తగ్గినమాట నిజమే; కాని వేడిమి పోవుటకుగల చోటు అంతకంటె ఎక్కువగా తగ్గినది. పెద్ద పెట్టెలో విశాలమైన లోహపు రెక్కలు, నిదానముగా తిరుగు పెద్ద ఫ్యాను, చుట్టును ఖాళీ స్థలము ఉండును. చిన్న పెట్టెలో బొటనవ్రేలు మందమైన ఫ్యాను, దువ్వెనవలె దగ్గఱగా నున్న రెక్కలు, అగ్గిపెట్టె ప్రక్క యంతటి గాలిద్వారము మాత్రమే యుండును. కావున కొద్దిపాటి ఆటంకమునకే అది ఉక్కిరిబిక్కిరి యగును.

2. వేడిమి నడచు దారి

కంప్యూటరు తీసికొను విద్యుత్తు యావత్తును తుదకు వేడిమిగా మాఱును. 25 వాట్ల విద్యుత్తును తీసికొను ప్రాసెసరు 25 వాట్ల వేడిమిని వెలువరించును. ఇది లోపము కాదు, ప్రకృతిధర్మము. ఆ వేడిమి పుట్టుచోటు చిటికెనవ్రేలి గోరంత విస్తీర్ణము గల సిలికాను పలుక. అచ్చటనుండి అది గదిలోని గాలిని చేరువఱకు ఐదు మజిలీలు కలవు.

మొదటిది సిలికాను పలుకనుండి థర్మల్ పేస్టు. రెండవది పేస్టునుండి రాగిపలక. మూడవది రాగిపలకనుండి హీట్ పైపు ద్వారా లోహపు రెక్కలు. నాలుగవది రెక్కలనుండి ఫ్యాను తోలు గాలి. ఐదవది పెట్టె వెలుపలి గది. ఈ ఐదింటిలో ఏ యొక్కటి తెగినను వెనుకనున్నదంతయు వేడెక్కును. కాలువకు ఎచ్చట అడ్డు పడినను నీరు ఎగువనే నిలుచునుగదా!

పేస్టు యొక్క అవసరమును గూర్చి కొంత వివరింపవలసి యున్నది. రెండు లోహపు తలములు ఎంత నునుపుగా నున్నను వాని నడుమ కంటికి కనబడని గుంటలుండును. ఆ గుంటలలో గాలి నిలుచును. రాగి వేడిమిని ప్రసరింపజేయు శక్తి, తగిన కొలమానమున, సుమారు 400. నిశ్చలమైన గాలికి అది 0.026 మాత్రమే. అనగా గాలిపొర ఎంత సన్ననిదైనను దుప్పటివలె పనిచేయును. సామాన్యమైన పేస్టునకు ఈ శక్తి 4 మొదలు 10 వఱకు ఉండును. రాగితో పోల్చిన నిది స్వల్పమే. గాలితో పోల్చిన వందల రెట్లు మేలు. కావున పేస్టు చేయు పని గాలిని వెడలగొట్టుటయే. అది దళసరిగా నుండవలసిన పనిలేదు. కొన్నియేండ్లకు అది ఎండి పగిలి, ఆ పగుళ్లలోనికి మరల గాలి చేరును.

హీట్ పైపు బయటికి రాగికడ్డీవలె కనబడును. కాని లోపల బోలు. దానియందు తక్కువ పీడనమున కొద్దిపాటి నీరు ఉండును. వేడికొనయందు నీరు ఆవిరియై చల్లనికొనకు పరుగెత్తి, అచ్చట మరల నీరై, లోపలిగోడల యందలి సన్నని రంధ్రములగుండ వెనుకకు వచ్చును. అందుచేత దానిని వంచుట, నలుపుట తగదు. నలిగిన పైపు చూచుటకు బాగుగానే యున్నను పనికి రాదు.

ఈ విషయమును లెక్కతో చూచిన స్పష్టమగును. ఒక చిన్న కంప్యూటరునందు, పై ఐదు మజిలీలును చక్కగానున్నప్పుడు, ప్రతి వాటునకు ప్రాసెసరు గదికంటె 2.2 డిగ్రీలు హెచ్చుగా వేడెక్కుననుకొందము. 25 వాట్ల పనికి 55 డిగ్రీల హెచ్చు ఏర్పడును. గది 27 డిగ్రీలున్నచో ప్రాసెసరు 82 డిగ్రీలకు చేరును, ఇది క్షేమమే. దుమ్ము చేరి, ఆ 2.2 కాస్త 3 అయినచో హెచ్చు 75 డిగ్రీలు. ప్రాసెసరు 102 డిగ్రీలు. అదే యంత్రము 34 డిగ్రీల గదిలో నున్నచో 109 డిగ్రీలకు పోవలసివచ్చును. శుభ్రపఱచిన యంత్రము అదే 34 డిగ్రీల గదిలో 89 వద్దనే నిలుచును. గది వేడిమి 7 డిగ్రీలు మాఱుటవలన వచ్చిన భేదము 7 డిగ్రీలే; దుమ్మువలన వచ్చిన భేదము 20 డిగ్రీలు. "ఎండకాలము కదా" యని ఊరకుండువారు ఈ లెక్కను గమనింపవలెను.

3. కావలివాని మూడు హెచ్చరికలు

ప్రాసెసరు లోపలనే ఉష్ణమును కొలుచు సూక్ష్మపరికరములు కలవు. ఇంటెల్ వారి చిన్నతరగతి ప్రాసెసర్లలో పెక్కింటికి గరిష్ఠపరిమితి 100 లేదా 105 డిగ్రీలు. ఆ పరిమితి సమీపించినకొలది కావలివాడు మూడు మెట్లలో పనిచేయును.

మొదట ఫ్యాను వేగము హెచ్చును, రొద వినబడును. అది చాలనిచో ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనును. అప్పుడు పని మందగించును, చలనచిత్రము తడబడును. అదియు చాలక ఉష్ణము ఇంకను పెరిగినచో, యంత్రము తనంత తాను విద్యుత్తును త్రెంచుకొనును. ఈ చివరి మెట్టు ప్రాసెసరు నందలి ఏర్పాటువలననో, తయారీదారుడు బయోస్ నందు నిర్ణయించిన పరిమితివలననో, నిర్వాహక వ్యవస్థ యొక్క ఆజ్ఞవలననో జరుగవచ్చును. ఏ విధముగా జరిగినను ఉద్దేశ మొక్కటే: చిప్పు కాలిపోకుండుట.

ఈ కావలి ఎల్లప్పుడును లేదు. 2001 ప్రాంతమున కొన్ని ప్రాసెసర్లపైనుండి లోహపు రెక్కలను తొలగించి చేసిన బహిరంగ ప్రయోగములలో, రక్షణము గల పెంటియం 4 మందగించి బ్రతికెను. నాటి కొన్ని ఏథ్లాన్ ప్రాసెసర్లు క్షణములలో పొగలెత్తి నశించెను. తదుపరి కాలమున అట్టి రక్షణము సర్వసాధారణమైనది. కావున నేడు యంత్రము ఆగిపోయినచో విసుగుకొనుటకంటె, కావలివాడు మేల్కొనియున్నాడని సంతోషించుట సమంజసము.

2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటి ఒంటిపలక కంప్యూటర్ల నడవడి కొంత వేఱు. అవి 80 డిగ్రీలనుండి 85 డిగ్రీల నడుమ వేగమును తగ్గించుకొనును. అట్టివి హఠాత్తుగా ఆగిపోయినచో వేడిమికంటె ముందు విద్యుత్తు సరఫరా చాలుచున్నదో లేదో అనుమానింపవలెను.

యంత్రము ఆగిపోకున్నను, నిరంతరము అధికోష్ణమున నడుచుట మంచిది కాదు. పలకపైనుండు విద్యుద్విశ్లేష్య కెపాసిటర్ల ఆయువు ప్రతి 10 డిగ్రీల హెచ్చునకు ఇంచుమించు సగమగునని ఇంజనీర్ల సామాన్యసూత్రము.

4. స్థలవిశేషములు

బెంగుళూరు చల్లని ఊరని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధిని నమ్మి యంత్రము విషయమున అశ్రద్ధ చేయుట కలదు. కాని 2016 ఏప్రిల్‌లో ఈ నగరమున 39.2 డిగ్రీల ఉష్ణము నమోదైనది. పైఅంతస్తుల గదులలో పడమటి గోడకు ఆనుకొని యున్న బల్లయొద్ద సాయంకాలపు వేడిమి ఎట్లుండునో అందు నివసించువారికి తెలియనిది కాదు.

మఱియొక విశేషము ఎత్తు. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి గాలి తీరప్రాంతపు గాలికంటె సుమారు పదవవంతు పలుచన. ఫ్యాను అన్నియే చుట్లు తిరిగినను, మోసికొనిపోవు గాలి బరువు ఆ మేరకు తక్కువ. వేడిమిని మోయు శక్తియు తక్కువ. విజయవాడలో వేసవిగాలి మిక్కిలి వేడిదైనను చిక్కనిది. బెంగుళూరులో చల్లనిదైనను పలుచనిది. ఇది యొక్కటే యంత్రమును ఆపజాలదు; కాని అంచున నున్న యంత్రమును అంచు దాటింపగలదు.

మూడవది దుమ్ము, ఇదియే ముఖ్యము. కుందలహళ్ళి పరిసరములలో కట్టడములు విరామము లేకుండ సాగుచు వచ్చినవి. కృష్ణరాజపురమునుండి వైట్‌ఫీల్డు వఱకు మెట్రో రైలుమార్గము 2023 మార్చిలో ప్రారంభమైనది. కుందలహళ్ళియందును ఒక నిలయము కలదు. అంతకుముందు ఏండ్ల తరబడి ఆ మార్గము వెంబడి త్రవ్వకములు జరిగినవి. సిమెంటు ధూళి, మట్టిధూళి కిటికీలగుండ గృహములలో ప్రవేశించును. దానికి వంటింటి నూనె ఆవిరియు, అగరువత్తుల పొగయు తోడైనచో, ధూళి పొడిగా నుండక జిగురుగా మాఱి రెక్కల నంటుకొనును.

నాల్గవది మన అలవాటు. టీవీ పెట్టెపై అల్లిన గుడ్డ కప్పుట మన గృహములలో పాతవాడుక. అదే గౌరవము చిన్న కంప్యూటరునకును దక్కుచున్నది. స్థలము కలిసివచ్చునని దానిని గోడఅలమారలో మూసియుంచుటయు, తెర వెనుక స్క్రూలతో బిగించుటయు కలదు. మూసిన అలమారలో యంత్రము తాను విడిచిన వేడిగాలినే మరల పీల్చును. తెర వెనుక బిగించినప్పుడు తెర యొక్క వేడిమి దానికి చేరును. ఒక్కొక్కప్పుడు గాలిద్వారము తెరకే ఆనుకొని మూసుకొనిపోవును.

5. రోగనిర్ణయము

చికిత్సకు ముందు నిర్ణయము. ఆగిపోవు యంత్రములన్నియు వేడిమివలననే ఆగవు. అడాప్టరు బలహీనమైనను, మీట చెడినను, మెమొరీ పలక కదలినను అట్టి లక్షణమే కనబడవచ్చును. కాగితముపై కాలమును, ఉష్ణమును వ్రాసికొనుచు క్రింది పరీక్షలు చేసినచో కారణము బయటపడును.

మొదటి పరీక్ష కాలమును గమనించుట. ఉదయము చల్లగానున్న యంత్రమును వెలిగించి, ఎన్ని నిమిషములకు ఆగునో వ్రాసికొనవలెను. ఆగిన వెంటనే మరల వెలిగించి, ఈ మాఱు ఎన్ని నిమిషములకు ఆగునో చూడవలెను. మొదట ఇరువది నిమిషములు నడచి, రెండవమాఱు నాలుగు నిమిషములకే ఆగినచో వేడిమియే కారణమని ఇంచుమించు నిశ్చయింపవచ్చును. ఏలయన రెండవమాఱు యంత్రము వేడితోనే బయలుదేరినది. కాలముతో సంబంధము లేక, బరువైన పని మొదలుపెట్టిన క్షణముననే ఆగుచున్నచో అడాప్టరును అనుమానింపవలెను.

రెండవ పరీక్ష ఉష్ణమును చదువుట. లినక్స్ వ్యవస్థలో "సెన్సర్స్" అను ఆజ్ఞ ఇందుకు ఉపకరించును. విండోస్ నందు ఉష్ణమును చూపు ఉచిత ఉపకరణములు కలవు. బయోస్ తెరయందును సాధారణముగా కనబడును. ఏ పనియు లేనప్పుడు 40 మొదలు 50 డిగ్రీల వఱకు ఉండుట సామాన్యము. పనిలేకయే 75 దాటుచున్నచో దోషమున్నట్లే. విండోస్ యొక్క ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" అను నమోదు కనబడుట కలదు. దానిని చూచి కొందఱు విద్యుత్తు దోషమని భ్రమపడుదురు. యంత్రము సక్రమముగా మూయబడలేదని మాత్రమే దాని అర్థము. కారణమును అది చెప్పదు.

మూడవ పరీక్ష వేడిమి పెరుగు తీరు. బరువైన పని మొదలిడిన కొన్ని సెకనులలోనే ఉష్ణము 95కు ఎగబ్రాకినచో, దోషము మొదటి మజిలీలలో, అనగా పేస్టునందో రాగిపలక బిగింపునందో ఉన్నది. పది, ఇరువది నిమిషములలో మెల్లగా పెరిగినచో దోషము చివరి మజిలీలలో, అనగా రెక్కలలోని దుమ్మునందో, ఫ్యానునందో, గదియందో ఉన్నది. లోపలి దారి తెగినచో వేడిమి పుట్టినచోటనే నిలిచి క్షణములలో పెరుగును. వెలుపలి దారి తెగినచో రాగి, రెక్కలు, పెట్టె అన్నియు వేడెక్కవలసి యుండుటచే ఆలస్యమగును. ఇది మిక్కిలి విలువైన గుర్తు.

నాలుగవ పరీక్ష చేయి, చెవి. గాలిద్వారమునొద్ద చేయి ఉంచవలెను. వేడిగాలి బలముగా వచ్చుచున్నచో దారి తెఱచియున్నది. ఫ్యాను రొద చేయుచున్నను గాలి రానిచో రెక్కలు మూసుకొనినవి. యంత్రము వేడెక్కినను రొదయే లేనిచో ఫ్యాను ఆగినది. ప్రాసెసరు 95 డిగ్రీలు చూపుచున్నను వచ్చు గాలి చల్లగానున్నచో వేడిమి రెక్కలవఱకు చేరుటలేదు. పేస్టో, హీట్ పైపో చెడినది.

ఐదవ పరీక్ష బల్లఫ్యాను. యంత్రమును అలమారనుండి వెలుపలికి తెచ్చి, అడుగుమూత తీసి, బల్లఫ్యాను గాలి దానిపై వీచునట్లు చేయవలెను. ఉష్ణము బాగుగా తగ్గినచో గాలిదారి దోషము. తగ్గనిచో లోపలిదారి దోషము. ఇది చికిత్స కాదు, పరీక్ష మాత్రమే.

ఆఱవది పనిభారపు పరీక్ష. ఎవరును వాడకుండగనే ప్రాసెసరు నూఱుశాతము పనిచేయుచున్నట్లు టాస్క్ మేనేజరు చూపినచో, ఏదియో ఒక ప్రోగ్రాము అదుపు తప్పినది. అట్టి సందర్భమున స్క్రూలు విప్పుట వ్యర్థము. ఆ ప్రోగ్రామును ఆపినంతనే జ్వరము దిగును.

6. చికిత్సాక్రమము

చికిత్స వెలుపలినుండి లోపలికి సాగవలెను. ఖర్చులేనిది మొదట, శ్రమతో కూడినది చివర.

మొదట స్థానము మార్చవలెను. గుడ్డ తీసి, యంత్రమును అలమారనుండి బల్లపైకి తెచ్చి, నాలుగు ప్రక్కల జానెడు ఖాళీ విడువవలెను. తెర వెనుక బిగించినదైనచో గాలిద్వారము పైకిగాని ప్రక్కకుగాని ఉండునట్లు త్రిప్పవలెను. కొన్ని యంత్రములకు ఇదియే సంపూర్ణచికిత్స.

రెండవది శుభ్రత. యంత్రమునకు వారంటీ యున్నచో విప్పుటకుముందు దాని షరతులను చదువుకొనుట మంచిది. అడాప్టరు తీగ ఊడదీసి, మీటను కొన్ని సెకనులు నొక్కిపట్టి, శేషించిన విద్యుత్తును పోగొట్టవలెను. అడుగున నాలుగు రబ్బరు పాదముల యందో, వాని క్రిందనో స్క్రూలుండును. విప్పు ప్రతిదశయందు ఫోనుతో ఛాయాచిత్రము తీసికొన్నచో తిరిగి బిగించునప్పుడు తికమక యుండదు. అతిసన్నని తీగలు పలకకును మూతకును నడుమ ఉండవచ్చును గనుక మూతను బలముగా లాగరాదు.

దుమ్ము చేరుచోటు ఫ్యానునకును రెక్కలకును నడుమ. అచ్చట అది నారపట్టవలె పొరగట్టును. బయటినుండి ఊదినచో ఆ పొర వెనుకకు జరిగి మరల అచ్చటనే కూర్చుండును. కావున ఫ్యానును విప్పి, పొరను చేతితోనో పట్టకారుతోనో ఎత్తివేయవలెను. మిగిలినదానిని మెత్తని కుంచెతోను, చేతిగాలిపంపుతోను తొలగింపవలెను. గాలి ఊదునప్పుడు ఫ్యానురెక్కను వ్రేలితో పట్టుకొనవలెను. లేనిచో అది మితిమీఱి తిరిగి ఇరుసు చెడును.

మూడవది ఫ్యాను. వ్రేలితో త్రిప్పినచో అది స్వేచ్ఛగా తిరిగి మెల్లగా ఆగవలెను. గరగర శబ్దముతో వెంటనే ఆగినచో ఇరుసు అరిగినది. నూనెచుక్క తాత్కాలికోపశమనము మాత్రమే, మార్చుట మేలు. క్రొత్త ఫ్యానును కొనునప్పుడు పాతదానిపై ముద్రించిన సంఖ్యను, వోల్టేజిని, తీగల సంఖ్యను సరిపోల్చుకొనవలెను. నాలుగు తీగల ఫ్యానులో రెండు విద్యుత్తునకు, ఒకటి వేగమును తెలుపుటకు, ఒకటి వేగమును నియమించుటకు. బెంగుళూరున సదర్ పత్రప్ప రోడ్డు ఇట్టి విడిభాగములకు ప్రసిద్ధమైన అంగడివీధి.

నాలుగవది పేస్టు. రాగిపలక స్క్రూలను ఎదురెదురు మూలల క్రమమున కొంచెము కొంచెముగా విప్పవలెను. పాతపేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో తుడువవలెను. క్రొత్తపేస్టు పెసరగింజయంత చాలును. బిగించునప్పుడును ఎదురెదురు మూలలు పాటింపవలెను. చిన్న కంప్యూటర్లలో సిలికాను పలుకకు పెక్కు సందర్భములందు పైమూత యుండదు. ఒకమూలనే గట్టిగా బిగించినచో అంచు పగులవచ్చును. చేయి నిలుకడ లేనివారు ఈ దశను తెలిసినవానికి అప్పగించుట తెలివి.

ఐదవది నియమావళి. బయోస్ నందు ఫ్యాను "నిశ్శబ్దము" అను పద్ధతిలో నున్నచో, "సమతౌల్యము" అనుదానికి మార్చవలెను. ప్రాసెసరునకు అనుమతించిన వాట్లను కొంత తగ్గించినచో వేగము స్వల్పముగా తగ్గి, వేడిమి గణనీయముగా తగ్గును. పెక్కు గృహకృత్యములకు ఆ తగ్గుదల తెలియనైన తెలియదు.

చికిత్స ముగిసిన పిమ్మట పరీక్ష మరువరాదు. అరగంటసేపు బరువైన పని పెట్టి, అంతకుముందు వ్రాసికొన్న అంకెలతో పోల్చవలెను. మునుపు ఇరువది నిమిషములకు ఆగిన యంత్రము అరగంట నిలిచి, ఉష్ణము ఒకచోట స్థిరపడినచో చికిత్స ఫలించినట్లు. ఆగకున్నను ఉష్ణము ఇంకను ఎగబ్రాకుచునే యున్నచో మజిలీలలో ఒకటి ఇంకను మూసియున్నదని తెలియవలెను.

7. చేయరాని పనులు

యంత్రమును శీతలపేటికలో ఉంచుట, తడిగుడ్డ చుట్టుట ప్రమాదకరములు. చల్లబడిన లోహముపై గాలిలోని తేమ నీరై కూడి పలకను పాడుచేయును. ఇల్లు ఊడ్చు వాక్యూము యంత్రపు గొట్టమును లోపల పెట్టరాదు. అది పుట్టించు స్థిరవిద్యుత్తు చిప్పునకు హాని కలిగింపవచ్చును. నీటితోగాని, సబ్బుతోగాని తుడువరాదు. అడాప్టరు చెడినచో, పిన్ను సరిపోయినంత మాత్రమున ఏదో ఒకటి తగిలింపరాదు. 19 వోల్టుల యంత్రమునకు 19 వోల్టులదే కావలెను, వాట్లు మునుపటికంటె తక్కువ కారాదు. అన్నింటికంటె ముఖ్యముగా, బయోస్ నందు రక్షణపరిమితిని పెంచి "ఇక ఆగదు" అని సంతోషింపరాదు. ఇల్లు కాలుచుండగా అరచిన కావలివాని నోరు మూయుట వంటిది అది.

8. ఫలితార్థము

చిన్న కంప్యూటరు ఆగిపోవుట యనునది ఒక వార్త. ఆ వార్త లోపలినుండి వచ్చుచున్నది. ఐదు మజిలీల దారిలో ఎచ్చటనో అడ్డు కలదని దాని సారాంశము. ఆ అడ్డు గుడ్డ కావచ్చును, దుమ్ము కావచ్చును, ఎండిన పేస్టు కావచ్చును, అరిగిన ఇరుసు కావచ్చును. వీనిలో ఏదియు యంత్రమును పాఱవేయుటకు తగిన కారణము కాదు.

ఈ వివేకము గృహమునకే కాక ఊరికిని మేలు. పాఱవేసిన కంప్యూటరునందు సీసము మున్నగు హానికర పదార్థములు ఉండవచ్చును. అవి నేలను, నీటిని చెఱచును. తూర్పు బెంగుళూరు చెఱువులకు ఇదివఱకే కలిగిన కష్టములు చాలును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు, తయారీదారులపై ఈ వ్యర్థముల పునఃశుద్ధి బాధ్యతను మోపినవి. కాని వ్యర్థము పుట్టకుండ చేయుట అన్ని నియమములకంటె మేలైన నియమము. నిజముగా ఆయువు తీరిన యంత్రమును చెత్తకుప్పకు కాక, నమోదైన పునఃశుద్ధి కేంద్రమునకు పంపుట పౌరధర్మము.

సంవత్సరమునకు రెండుమాఱులు - ఉగాదికి ఇల్లు శుభ్రపఱచుకొను వేళ ఒకమాఱు, దసరా ఆయుధపూజ వేళ ఒకమాఱు - చిన్న పెట్టె గాలిద్వారమును కూడ చూచుకొను వాడుక ఏర్పఱచుకొన్నచో ఈ వ్యాసమునందలి చికిత్సలలో పెక్కింటి అవసరమే కలుగదు. ఆయుధపూజనాడు పనిముట్లను తుడిచి బొట్టు పెట్టుట మన పెద్దలనాటి ఆచారము. పూజకు ముందు తుడుచుట ఉండుటలోనే దాని సార్థకత యున్నది. కుందలహళ్ళి గృహములలోని ఈ క్రొత్త పనిముట్టునకును ఆ ఆచారము వర్తించును; బొట్టు మాత్రము గాలిద్వారమునకు దూరముగా పెట్టుదురు గాక.